కుటుంబ ప్రార్థనలో పేదవారి చోటు: హనుమకొండలో ఒక కుటుంబంపై కేస్ స్టడీ

కేసు మా దగ్గరికి వచ్చిన కారణం

ఆదివారపు బడిలో ఎనిమిదో తరగతి చదివే ఒక పిల్లవాడు, హాస్టల్ నుంచి వచ్చే తన ఈడు పిల్లవాడి చొక్కా కాలరు పట్టి చూసి, "ఇది మాదే, పోయిన క్రిస్మస్‌కు మా డాడీ ఇచ్చిండు" అని అందరూ వింటుండగా అన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. ఆ చొక్కా వేసుకున్న పిల్లవాడు మాత్రం మరుసటి ఆదివారం నుంచి రావడం మానేశాడు. టీచరు చెప్పగా విన్న తల్లిదండ్రులు నిజంగానే నొచ్చుకున్నారు. వారి ప్రశ్న సూటిగా ఉంది: "రోజూ ప్రార్థనల బీదవాళ్లను జ్ఞాపకం చేసుకుంటం, ఏటా దుప్పట్లు పంచుతం, వీనికి ఈ బుద్ధి ఎక్కడికెళ్లి వచ్చింది?" సంఘాల్లో కుటుంబ పరిచర్య చూస్తున్న నా దగ్గరికి వారిని పంపింది సంఘ కాపరి గారే.

తండ్రి ప్రభుత్వ శాఖలో సీనియర్ అసిస్టెంట్, తల్లి ప్రైవేటు పాఠశాలలో లెక్కల టీచరు. కొడుకు తర్వాత నాలుగో తరగతి చదివే కూతురు ఉంది. తండ్రిని కన్న తల్లి వీరితోనే ఉంటారు. ఇల్లు హంటర్ రోడ్డు వైపు ఒక కాలనీలో, బ్యాంకు రుణంతో కట్టుకున్నది. వారి అనుమతితో, గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చి ఈ కేసును రాస్తున్నాను.

ఇంట్లో గమనించినవి

రాత్రి భోజనాలయ్యాక తొమ్మిది గంటల ప్రాంతంలో కుటుంబ ప్రార్థన జరిగేది. ఒక కీర్తన, వరుసలో వచ్చిన ఒక అధ్యాయం, ఆ తర్వాత తండ్రి చేసే దీర్ఘ ప్రార్థన. ఆ ప్రార్థనలో అధికారులు, సేవకులు, రోగులు అయ్యాక "దీనులను, దరిద్రులను, విధవరాండ్రను, అనాథలను జ్ఞాపకము చేసుకొనుము ప్రభువా" అనే వాక్యం ప్రతి రాత్రీ అవే మాటల్లో వచ్చేది. ఆ మాటల దగ్గరికి వచ్చేసరికి చిన్నపిల్ల నిద్రలో ఊగుతుండేది, పిల్లవాడు చాపలో ఊడిన పోగులు లాగుతుండేవాడు. ఆ వాక్యంలో ఎవరి పేరూ లేదు. ఆ ఇంటి నుంచి నాలుగు అడుగుల దూరంలో ఉన్న మనిషి కూడా లేదు.

బోళ్లు తోమే చోట కిటికీ గట్టు మీద అంచు సొట్టపోయిన ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. పక్కనే ఒక చిన్న పళ్లెం. పని చేసే ఆమె తన టీ అందులోనే పోయించుకుని, తాగి, తనే కడిగి మళ్లీ అక్కడే బోర్లించేది. దాని గురించి ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పినట్టు లేదు. "శుభ్రం కోసం అట్లనే అలవాటైంది" అని తల్లి అన్నారు. వేరు గ్లాసు ఈ దేశంలో దేనికి గుర్తో ఆమెకు తెలియదని నేననుకోను. పిల్లలు మాత్రం ఏ వ్యాఖ్యానమూ అక్కర లేకుండానే దాన్ని నేర్చుకున్నారు. ఆ ఇంట్లో బీదవారిని గురించిన పాఠం రోజుకు రెండుసార్లు జరిగేది. రాత్రి ప్రార్థనలో జరిగే పాఠం కంటే ఉదయం టీ వేళ జరిగే పాఠం వారికి బాగా వంటబట్టింది.

మూడో విషయం క్రిస్మస్ దుప్పట్లు. డిసెంబరులో ఒక రాత్రి కాజీపేట స్టేషను బయట, వరంగల్ బస్టాండు దగ్గర పడుకున్న వారికి దుప్పట్లు కప్పేవారు. ఫోటోలు తీసే పని పిల్లవాడిది. ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి, ఇచ్చేవారి ముఖం కనబడేలా తీయడం అతనికి బాగా వచ్చు. ఆ ఫోటోలు సంఘం వాట్సాప్ గ్రూపులోకి వెళ్లేవి. చలికి దుప్పటి అవసరమే, నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ ఇచ్చిన వస్తువును ఎక్కడ చూసినా "ఇది మేమిచ్చిందే" అని గుర్తుపట్టే చూపును ఆ పిల్లవాడికి అలవాటు చేసింది ఆ ఫోన్ కెమెరాయే.

నా అంచనా

ఈ ఇంట్లో దానానికి లోటు లేదు, జ్ఞాపకానికి లోటుంది. అది నాయనమ్మ గారితో విడిగా మాట్లాడినప్పుడు బయటపడింది. ఆమె పుట్టింది ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో, డోర్నకల్‌కు దగ్గరలోని ఒక పల్లెలో, ఊరి చివరి వాడలో. ఆమె తల్లి కోతల కూలీ. అలాంటి ఇంటి నుంచి వచ్చిన కొడుకు డిగ్రీ చదివి, పరీక్ష రాసి, ఉద్యోగం తెచ్చుకుని, ఇల్లు కట్టాడు. అది చిన్న విషయం కాదు. అయితే ఆ దారిలో వెనకటి కథను మూటగట్టి అటక మీద పెట్టేశాడు. తన తాతమ్మ కూలికి పోయేదని మనవడికి తెలియదు. 2023 జూలై చివర బొందివాగు పొంగి హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగినప్పుడు ఈ కుటుంబమే పై అంతస్తులో ఉండి, ఎవరో తెచ్చిచ్చిన అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు తీసుకుంది. ఆ సంగతి కూడా ప్రార్థనలో ఒక్క రాత్రి "కాపాడినందుకు స్తోత్రము" అన్న మాటతో ముగిసిపోయింది. ఆ పొట్లం ఎవరు తెచ్చారో, దాన్ని అందుకుంటున్నప్పుడు మనసుకు ఎలా అనిపించిందో ఎవరూ మాట్లాడుకోలేదు. పుచ్చుకున్న అనుభవాన్ని మరిచిన ఇంట్లో పిల్లవాడికి మిగిలేది ఇచ్చేవాడి ఎత్తు ఒక్కటే.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయాన్ని ఈ కేసుకు ఆధారంగా తీసుకోవడానికి కారణం అదే. పొలంలో మరచిన పనను తిరిగి తెచ్చుకోకూడదని, ఒలీవ చెట్టును రెండోసారి దులపకూడదని, ద్రాక్షతోటలో మళ్లీ ఏరుకోకూడదని, అవి పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి చెందాలని ఆ అధ్యాయం చెబుతుంది. ఎందుకో కూడా చెబుతుంది: మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, అది జ్ఞాపకం చేసుకోండి. 18వ వచనంలో ఒకసారి, 22వ వచనంలో మరోసారి ఆ కారణమే వస్తుంది. "మీకు ఎక్కువ ఉంది కాబట్టి ఇవ్వండి" అన్న మాట ఆ రెండు చోట్లా లేదు. అదే గ్రంథం 6వ అధ్యాయం 20వ వచనం నుంచి చూస్తే, ఈ కట్టడలు ఎందుకని రేపు కొడుకు అడిగితే తండ్రి ఇవ్వవలసిన జవాబు కూడా "మనము దాసులమై యుంటిమి" అనే మొదలవుతుంది. కుటుంబ ప్రార్థనకు ఇంతకన్నా సూటైన నమూనా బైబిలులో నాకు కనబడలేదు.

ఈ ప్రాంతపు క్రైస్తవ కుటుంబాలకు ఈ మాట మరీ దగ్గరగా తగులుతుంది. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొంది నడిపించిన సంఘంలో అత్యధికులు భూమి లేని వ్యవసాయ కూలీలే. బీదవారైనా తమ సంఘాన్ని తామే పోషించుకోవాలని ఆయన పట్టుబట్టారు. మెదక్‌లో 1924లో ప్రతిష్ఠించిన పెద్ద గుడి నిర్మాణం కరువు కాలంలో ఎందరికో కూలి పనిగా, తిండిగా మారిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక్కడి సంఘాల్లో కూలి ఇళ్ల చరిత్ర నాలుగు తరాల దూరంలో కూడా లేదు. చాలా ఇళ్లలో అది పక్క గదిలో మంచం మీద కూర్చుని మాత్రలు వేసుకుంటోంది.

నడిపిన తీరు

మొదట రెండు మార్పులు అడిగాను. దీనులు, దరిద్రులు అన్న ఆ వాక్యాన్ని కొంతకాలం ప్రార్థన నుంచి తీసివేయమన్నాను. తండ్రికి ఇది దైవభక్తికి విరుద్ధంగా తోచింది. పేర్లు దొరికాక తిరిగి చేర్చుకుందామని చెబితే ఒప్పుకున్నారు. రెండోది, ప్రార్థనను భోజనానికి ముందుకు జరపడం. నిద్రమత్తులో ఉన్న పిల్లకు ఏ అధ్యాయమూ ఎక్కదు. ఆకలితో ఉన్న పిల్లలు కోతల గురించి, రొట్టె గురించి విన్నప్పుడు ప్రశ్నలు కూడా ఎక్కువ వేస్తారు.

హాస్టల్ పిల్లవాడి దగ్గరికి మిఠాయిలు తీసుకుని వెళ్లి కొడుకుతో క్షమాపణ చెప్పిస్తామని తల్లిదండ్రులు అన్నప్పుడు వద్దన్నాను. పది మంది హాస్టల్ పిల్లల ముందు అతన్ని మళ్లీ పుచ్చుకునేవాడిగా నిలబెట్టడమే అవుతుంది. కొడుకే ఒక ఉత్తరం రాసి, మూసిన కవరులో వార్డెన్ ద్వారా పంపాడు. అందులో ఏముందో నేను చదవలేదు, తల్లిదండ్రులనూ చదవవద్దన్నాను.

తర్వాత రూతు రెండో అధ్యాయాన్ని, అంటే పరదేశి విధవరాలైన రూతు బోయజు అనే ఆసామి పొలంలో పరిగె ఏరుకునే కథను, తొందర లేకుండా, సాయంత్రానికి కొన్ని వచనాల చొప్పున చదివారు. పరిగె అంటే ఏమిటని పిల్ల అడిగింది. ఈ రోజుల్లో పట్నపు పిల్లలకు అది తెలిసే వీలు లేదు. హార్వెస్టరు కోసి, ట్రాక్టరులో పోస్తే, వడ్లు రోడ్డు మీద ఆరబోయడమే వారు చూస్తారు. తండ్రి నిఘంటువులోని అర్థం చెప్పబోయాడు. నాయనమ్మ అందుకున్నారు. కోత అయిపోయి పనలు ఎత్తాక ఆడవాళ్లు, పిల్లలు మడిలోకి దిగి రాలిన వెన్నులు ఏరుకునేవారట. కొందరు ఆసాములు ఏరుకోనిచ్చేవారు, కొందరి జీతగాళ్లు కట్టె పట్టుకుని వెంటబడేవారు. "వెన్నులు దొరకకపోతె ఒడ్లెంబడి ఎలుక బొక్కలు తవ్వేది బిడ్డా. ఎలుక సంసారం జేసినట్టు లోపల వెన్నులు పేర్చి పెట్టుకుంటది. మా అమ్మ సగం దీసి సగం దానికే ఇడిసిపెట్టేది, దానికి గూడ పిల్లలుంటయి గదా అని." అరచేతిలో నలిపి, చాటలో చెరిగితే ఒక పూటకు సోలెడు గింజలు వచ్చేవని చేతులతో చూపించారు.

ఆ సాయంత్రం తండ్రి ముఖం మాడిపోయింది. "ఇప్పుడవన్నీ ఎందుకే అమ్మా, పోరగాండ్లు బడిల చెప్పుకుంటరు" అన్నారు. ఆయన భయమంతా ఆ ఒక్క మాటలో ఉంది. పేదరికం పాపం కాదని చెప్పే ఇంట్లో, పేదరికం బయటపడితే పరువు పోతుందన్న భయం కూడా ఉంది. పిల్లవాడు నేర్చుకున్నది ఆ భయాన్నే. ఆయనతో విడిగా ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం చదివాను. తొలి పంట గంప తెచ్చినవాడు దేవుని ముందు బిగ్గరగా చెప్పవలసింది తన తండ్రి దిక్కులేక తిరిగిన అరామీయుడన్న సంగతి. చేతిలో గంప నిండుగా ఉన్న రోజునే ఆ మాట చెప్పాలని ఉంది. ఆయన వాదించలేదు, వెంటనే ఒప్పుకోనూ లేదు. కొన్ని వారాలకు ఆయనే ఒక సాయంత్రం, తాను ఇంటర్ చదువుతుండగా ఫీజు కోసం తల్లి కమ్మలు తాకట్టు పెట్టిన సంగతి పిల్లలకు చెప్పాడని నాయనమ్మ ద్వారా తెలిసింది.

గ్లాసు సంగతి అనుకోని వైపు నుంచి వచ్చింది. భోజన వేళ బోయజు రూతును పిలిచి, కోతవారి దగ్గర కూర్చోబెట్టి, రొట్టె ముక్కను చిరకలో, అంటే పుల్లని ద్రాక్షరసంలో, ముంచుకోమని, ఆమె తృప్తిగా తిని ఇంకా మిగిల్చే అంత పేలాలు అందించే 14వ వచనం చదువుతుండగా, పిల్లవాడు వెటకారంగా "బోయజు ఇంట్ల వేరే గిలాస లేదా" అన్నాడు. తండ్రి గద్దించబోతే తల్లి ఆపారు. మరుసటి ఉదయం ఇంటి గ్లాసుల్లో ఒకటి తీసి టీ పోసి, పని చేసే ఆమెను కుర్చీలో కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. పాత గ్లాసే తెచ్చుకుంది. తల్లి మూడు నాలుగు రోజులు బతిమాలాక ఆమె అన్నమాట ఈ కేసు మొత్తంలో నాకు ఎక్కువ పని చేసిపెట్టింది: "ఒకటో తారీకు నాడు పైసలిస్తె సాలమ్మా, గిలాసదేముంది."

ఆ ఇంట్లో జీతం నెలాఖరుకే ఖాతాలో పడేది. ఇంటి కిస్తు, చిట్టీ, బడి ఫీజులు పోయాక పదో తారీఖు దాటాకే ఆమె పైసలు ఇచ్చేవారు. ఈలోగా ఆమె కిరాణా కొట్లో ఖాతా పెట్టేది, లేదా వడ్డీకి తెచ్చేది. నెలలో రెండు రోజులకు మించి రాకపోతే కోత. తల్లి లెక్కల టీచరు కాబట్టి ఆ కోత ఏనాడూ తప్పేది కాదు. లేవీయకాండము 19:13 కూలివాని కూలి మరునాటి ఉదయం దాకా దగ్గర ఉంచుకోవద్దంటుంది. ద్వితీయోపదేశకాండము 24:15 ఆనాటి కూలి సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలంటుంది, అతడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకున్నాడు అని కారణం కూడా చెబుతుంది. యాకోబు 5:4లో బిగపట్టిన కూలి మొరపెడుతుంది. ఈ మూడింటినీ ఒకే సాయంత్రం, ఇంటి ఖర్చుల నోటుబుక్కు పక్కన తెరిచిపెట్టుకుని చదవమన్నాను. ఖర్చు పెరగలేదు, వరుస మారింది. కిస్తు కన్నా ముందు ఆమె జీతం. నెలకు నాలుగు సెలవులకు కోత లేదు. జీతం కవరును ఒకటో తారీఖు ఉదయం పిల్లలు చూస్తుండగా ఇవ్వవచ్చా అని తల్లి అడిగారు. వద్దన్నాను. పిల్లలకు పాఠం చెప్పడానికి ఆమెను వాడుకోకూడదు. అయినా ఇంట్లో జరిగేది పిల్లలకు తెలియకుండా ఉండదు. టీ సంగతి ఆమె ఇష్టానికి వదిలేశారు. కిటికీ గట్టు మీది గ్లాసును తల్లి తీసేసి, ఇంటి గ్లాసులన్నీ ఒకే చోట పెట్టారు. వాటిలో ఒకటి తీసుకుని ఆమె వాకిట్లో మెట్టు మీద కూర్చుని తాగుతుంది, అక్కడ గాలి బాగుంటుందంటుంది.

పొలం అంచుల దాకా కోయవద్దన్న లేవీయకాండము 19:9 నెల జీతం మీద బతికే ఇంటికి ఎలా వర్తిస్తుందో అని పిల్లలతో మాట్లాడినప్పుడు చర్చ చాలాసేపు సాగింది. పొలం లేని ఇంటికి అంచు బేరమే అని నా అభిప్రాయం. సూపర్ మార్కెట్లో రేటు చూసి నోరెత్తకుండా కార్డు గీకే మనిషి, తోపుడు బండి దగ్గర తోటకూర కట్ట మీద ఐదు రూపాయలు తగ్గించేదాకా కదలడు. అంచు దాకా కోయడమంటే అదే. పిల్ల వెంటనే తల్లి వైపు చూసింది. బేరం పూర్తిగా మానాలని ఎవరూ తీర్మానించలేదు, అలాంటి తీర్మానాలు నిలవవు కూడా. బండి దగ్గర అడిగిన మొదటి ధర న్యాయంగా తోస్తే ఇచ్చేయడం, ఆటో అతనికి చిల్లర వదిలేయడం, ఇంతవరకే అనుకున్నారు.

పేర్లతో ప్రార్థన తిరిగి మొదలైనప్పుడు ఒక నియమం పెట్టాను. ఎవరి కోసమైనా వారు స్వయంగా కోరిన సంగతే ప్రార్థనలో పలకాలి. లేకపోతే "ఆమె భర్త తాగుడు మాన్పించు ప్రభువా" అంటూ ఇరుగు పొరుగు కబుర్లన్నీ ప్రార్థన పేరుతో పిల్లల చెవుల్లో పడతాయి. ఈ నియమం వల్ల తల్లి పని చేసే ఆమెను "మీ కోసం ఏమని ప్రార్థన చెయ్యాలి?" అని అడగవలసి వచ్చింది. ఆమె క్రైస్తవురాలు కాదు. మోకాళ్ల నొప్పి గురించి, పెద్దబిడ్డ కాన్పు గురించి చెప్పింది. ప్రార్థనతో పాటు మోకాళ్ల కోసం నిలబడి గిన్నెలు తోమే ఎత్తులో గట్టు కట్టించారు. అది కట్టాలని అనుకున్నది తండ్రే.

వెనకడుగులు

వేసవిలో హైదరాబాదు నుంచి బంధువులు వచ్చినప్పుడు, అడగకముందే తల్లి పాత పద్ధతిలోకి జారిపోయారు. ఆ వారం రోజులూ పని చేసే ఆమె టీ వాకిట్లోకే వెళ్లింది, వేరే గ్లాసులో. పిల్ల ఆ సంగతిని బంధువులు వెళ్లిపోయాక ప్రార్థనలో, కళ్లు మూసుకుని, దేవుడికి చెప్పేసింది. పరీక్షల కాలంలో ప్రార్థనే ఆగిపోయింది. ఇలాంటివి ప్రతి కేసులోనూ ఉంటాయి, నేను వాటికి పెద్దగా కంగారు పడను.

దుప్పట్ల దగ్గర ఎదురైన చిక్కు మాత్రం నిజమైనది. మత్తయి 6వ అధ్యాయం మొదటి నాలుగు వచనాలు చదివాక ఫోటోలు తీయకూడదని అనుకున్నారు. ఫోటోలు లేకపోతే దాతలు ముందుకు రారని సంఘంలోని కమిటీ అభ్యంతరం చెప్పింది. ఆ మాట పూర్తిగా తప్పు కాదు, ఆ ఏడు చందాలు తగ్గాయి. తండ్రి ఇప్పుడు దుప్పట్ల కట్టల బిల్లు ఫోటో పెడుతున్నారు, మనుషుల ముఖాలు పెట్టడం లేదు. కమిటీలో ఇంకా గొణుగుడు ఉంది. పాత బట్టలు మాత్రం తమ సంఘంలోనే తిరిగే పిల్లలకు ఇవ్వడం పూర్తిగా మానేశారు. ఇవ్వదలిస్తే కొత్తవి కొని, పేరు చెప్పకుండా వార్డెన్‌కు అందజేస్తున్నారు.

ప్రస్తుత స్థితి

పిల్లవాడిలో మార్పును కొలిచే సాధనం నా దగ్గర లేదు. నాయనమ్మ దగ్గర కూర్చుని పాత సంగతులు అడుగుతున్నాడు, ముఖ్యంగా ఎలుక బొక్కల సంగతి. తన తాతమ్మ కూలికి పోయేదని స్నేహితుడితో చెప్పుకున్నాడని తండ్రే కాస్త ఇబ్బందిగా, కాస్త సంతోషంగా నాతో అన్నారు. ఆదివారపు బడిలో అతని మీద మళ్లీ ఫిర్యాదు రాలేదు. ఆ హాస్టల్ పిల్లవాడు మాత్రం మా సంఘానికి తిరిగి రాలేదు, హాస్టల్‌కు దగ్గరలోని మరో సంఘానికి వెళ్తున్నాడని వార్డెన్ చెప్పారు. ఉత్తరానికి జవాబు రాయలేదు. అతనికి జరిగిన నష్టం ఈ కుటుంబం బాగుపడడం వల్ల తీరేది కాదు.

ఈ క్రమాన్ని ఉన్నది ఉన్నట్టు మరో ఇంటికి పట్టుకెళ్లకూడదు. పెద్దలు ఇంట్లో లేనిచోట జ్ఞాపకాన్ని ఫోనులో అడిగి తెచ్చుకోవలసి ఉంటుంది. కూలి చేసుకునే ఇళ్లలోనైతే పాఠం వేరే చోట మొదలవ్వాలి. అక్కడ బీద విధవరాలు తనకున్న రెండు కాసులూ కానుకగా వేసిన సంగతి చదివి "ఇంత లేమిలో కూడా ఇవ్వండి" అని చెప్పే ముందు, దానికి సరిగ్గా పైనున్న మార్కు 12:40 చదవాలి. విధవరాండ్ర ఇళ్లు దిగమింగుతూ దీర్ఘ ప్రార్థనలు చేసేవారి గురించి యేసు అన్న మాట అది. పెద్దపల్లి వైపు ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కుటుంబాల మధ్య పరిచర్య చేసే ఒక దంపతులు ఈ పద్ధతిని అడిగినప్పుడు, కూలి బిగపట్టడం గురించిన యాకోబు 5వ అధ్యాయాన్ని బట్టీ పిల్లలతో కాకుండా, బట్టీ యజమాని కుటుంబం సంఘ సభ్యులైతే వారి ఇంట్లో మొదట చదవమని చెప్పాను.